సారక్క ఒప్పుకున్న మాట

దిగిన 38వ రోజు

ఆఫీసుకు పంపే దినచర్య పత్రంలో గళ్లన్నీ నింపేశాను. పిల్లలు ఏడుగురు, హాజరు ఏడుగురు, తడిసిన బట్టలు నాలుగు జతలు, కొరుకుళ్లు రెండు. ఆ రెండింటిలో ఒకటి నా మోచేతికి పడిందని రాయడానికి అందులో చోటు లేదు. అందుకే ఇది వేరే రాసుకుంటున్నాను, పోయినేటి హాజరు పుస్తకంలో మిగిలిన కాగితాల మీద. నా పేరు ఆండాలు. ఏడో నంబర్ బొగ్గు బాయిలో ప్రత్యేక తరగతి టీచర్ని. ఆయానూ నేనే, సున్నం తట్టలు మార్చే మనిషినీ నేనే.

తట్టలు గదికి నాలుగు. మనం వదిలిన పాడుగాలిని సున్నం పీల్చుకుంటుంది. మూడు రోజులకోసారి మార్చకపోతే మధ్యాహ్నానికి పిల్లలందరికీ తలనొప్పి, నాకు పిల్లలందరితో తలనొప్పి. పైన ఎండ తగ్గడానికి నూట ఇరవై రోజులు పడుతుంది, అప్పటిదాకా ఊరంతా ఈ పాత బొగ్గు సొరంగాల్లోనే ఉండాలి. మామూలు బడికి తట్టలు మార్చే మనిషిని వేశారు. మాకు అడిగితే "మీరు ఏడుగురే కదమ్మా" అన్నారు. ఏడుగురే! ఒక్కపూట వచ్చి కూర్చుంటే తెలుస్తుంది.

మంచి కబురు కూడా ఉంది. సారక్క కొత్త మాట అంది.

సారక్కకు తొమ్మిదేళ్లు. నోటితో మాట రాదు. మెడ కింద అతికించే గొంతుబిళ్లతో మాట్లాడుతుంది. పాత రూపాయి బిళ్లంత ఉంటుంది అది. గొంతులో కండరాలు కదిలితే పసిగడుతుంది, ముందున్న చిన్న కన్నుతో పిల్ల ఎదుట ఏముందో చూస్తుంది, రెండూ కలుపుకుని పిల్ల అనబోయే మాటను పైకి పలుకుతుంది. మా గదిలో నలుగురికి ఉంది. మిగతా ముగ్గురివీ ఇంకా "నీళ్లు", "వద్దు" దగ్గరే నడుస్తున్నాయి. సారక్క ఒక్కతే రెండేళ్లలో వాక్యాలకు వచ్చింది. పెద్ద ఆఫీసర్లు ఎవరు దిగినా ముందు మా గదికే తీసుకొస్తారు. కొంచెం పొగరు నాకు. ఉండదా మరి.

పొద్దున తట్టలు మార్చి, చేతులు కడుక్కుని దాని ఎదురుగా కూర్చోగానే బిళ్ల పలికింది: "చింతచిగురు పప్పు తినాలని ఉంది."

నవ్వుకుని "కొత్త పదం: చింతచిగురు" అని రాశాను.

ఇంకా ఇరవై రెండు రోజులే అది నా దగ్గర ఉండేది. అరవయ్యో రోజున, ఎంత ఎండలోనైనా లోపల చల్లగా ఉండే చల్లబండి వస్తుంది. ఉత్తరాన ఉన్న కొండబడిలో మా బాయికి ఈ ఏడు ఒక్క సీటు ఇచ్చారు. అక్కడ పిల్లలు సొరంగాల్లో కాకుండా పైన నేలమీదే ఉంటారట, చెట్లున్నాయట, ఇద్దరు పిల్లలకు ఒక టీచరట. వెళ్తే మూడేళ్లదాకా రావడం ఉండదు. పిల్ల తనంతట తాను ఒప్పుకోనిదే వాళ్లు తీసుకోరు. మొన్న కొండబడి కమిటీ ముందు అడిగారు, "సారక్కా, కొండబడికి పోతవా?" అని. బిళ్ల తడుముకోకుండా జవాబిచ్చింది: "పోతాను. అక్కడ చల్లగా ఉంటుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. దానికి ఎదురుగా కూర్చున్న నేను ఏడ్చేశాను. అంత పెద్ద మాట మా గది నుంచి ఎప్పుడూ రాలేదు.

దిగిన 41వ రోజు

సారక్క తల్లి తిరుమల వచ్చింది. ఊరి వంటశాలలో పని ఆమెకు. చేతికి ఇంకా పిండి అంటుకునే ఉంది.

"చింతచిగురు యాడ జూసింది టీచరమ్మా నా బిడ్డ?" అంది. "పైన చింతచెట్లు ఎండి పన్నెండేండ్లాయె. నేను చిన్నప్పుడు తిన్న గని, దానికి పేరు సుత తెల్వది."

"ఎవరన్న అంటె విన్నదేమో."

"ఎవరంటరు? అసలు ఇంట్ల అది మాట్లాడితె గద. ఈడ గన్ని ముచ్చట్లు చెప్తదట, ఇంటికస్తె ఆ బిళ్ల మొద్దులెక్క ఉంటది. రెండేండ్ల సంది మీకు చెప్తనే ఉన్న."

నేను ఎప్పుడూ చెప్పే పాఠం మళ్లీ చెప్పాను. ఒక్కసారే అడగాలి, మనసులో పది లెక్కపెట్టాలి, పిల్ల ముఖంలోకి ప్రేమగా చూడాలి, తొందర పెట్టకూడదు. "నువ్వు పనిమీదుండి అడుగుతవు తిరుమలా. అందుకే అది మాట్లాడది" అన్నాను. ఆమె తల వంచుకుని విని వెళ్లిపోయింది. తల్లులకు బుద్ధులు చెప్పడం మా వృత్తిలో ఊపిరి పీల్చినంత తేలిక.

ఆమె వెళ్లాక నాకు కుదురు లేదు. ముప్పై ఎనిమిదో రోజు పొద్దున్నే వంటశాలలో వరసగా ఐదోసారి పుట్టగొడుగుల గంజి పోశారు. అది మింగలేక, తట్టలు మారుస్తూ, మా అమ్మ చేసే చింతచిగురు పప్పు తలుచుకున్నాను. తలుచుకున్నానంతే. ఒక్కరితోనూ అనలేదు.

కాకతాళీయం అయి ఉంటుంది. పిల్లల బొమ్మల అట్టలు మూడుసార్లు సర్దాను. నాలుగోసారి కూడా సర్దబోయి, నా మీద నాకే విసుగు పుట్టి వదిలేశాను.

దిగిన 44వ రోజు

రెండు రోజులు జ్వరంతో పడుకున్నాను. నా బదులు నాలుగో నంబర్ బాయి నుంచి గౌసియా అనే అమ్మాయిని పంపారు. ఇరవై ఆరేళ్లుంటాయి, ఈ ఏడే తర్ఫీదు పూర్తిచేసి వచ్చింది. ఈరోజు నేను వచ్చేసరికి గది తుడిచి, తట్టలు మార్చి, ఏడుగురి గురించీ ఏడు కాగితాలు రాసి పెట్టింది. చక్కటి దస్తూరి. సారక్క కాగితంలో మాత్రం ఒక్కటే వాక్యం: "రెండు రోజుల్లో గొంతుబిళ్ల ఒక్క మాట కూడా పలకలేదు."

"కొత్త మొఖం గద, బెదిరి ఉంటది" అన్నాను.

"లేదు మేడం, బెదరలే. నా ఒళ్లె పండుకున్నది, నా జడ పట్టుకొని ఆడింది. మంచిగున్నది. బిళ్లనే సప్పుడు చెయ్యలే." తర్వాత మెల్లగా అడిగింది: "మీ తెర యాడుంది మేడం? సారక్కకు పాఠం చెప్దామని ఎతికిన, దొరకలే."

బీరువా పై అరలో ఉందని చెప్పాను. దించి ఇచ్చింది. రెండేళ్లుగా మడత విప్పని గుడ్డ. అంచుకు దర్జీ తాత్కాలికంగా వేసిన కచ్చాకుట్టు కూడా తీయలేదు. గౌసియా ఆ కుట్టు మీద వేలితో ఒకసారి రాసి పిల్లల దగ్గరికి వెళ్లింది. నన్నేదైనా అనుంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అని ఉందును.

ఆ తెర సంగతి మా వృత్తిలో అందరికీ తెలుసు. బిళ్లకు పాఠం నేర్పేటప్పుడు టీచరుకూ పిల్లకూ మధ్య తెర ఉండాలి. బొమ్మ ఒక్కటే పిల్లకు కనబడాలి, టీచరు ముఖం కనబడకూడదు. మొదటి రోజు నేనూ వేశాను. తెర వేయగానే సారక్క గోడకు తల కొట్టుకుంది, నుదురు చిట్లింది. ఈ ఒక్కరోజుకు వద్దులే అని తీసేశాను. మర్నాడూ అదే అనుకున్నాను. పత్రంలో "తెర వాడారా?" అన్న గడి ఉంటుంది. పిల్ల ఏడుపు ఆఫీసుకు వినబడదు కదా, ఆ గడిలో టిక్కు పెట్టాను. ఇప్పుడు వెనక్కి వెళ్లి లెక్కపెడితే రెండు వందల పన్నెండు టిక్కులున్నాయి.

దిగిన 46వ రోజు

పగలంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చివరికి గౌసియాను వెనక్కి పంపించకుండా ఆపి, నేనే అడిగాను: "ఏమనుకుంటానవో చెప్పు. మొఖమాటం వద్దు."

"మీకు ఒక అలవాటున్నది మేడం. మీరు పిల్లల్ని ఏదన్న అడిగినంక, జవాబు మీ పెదువుల మీద ఆడుతది. సప్పుడు రాదు. మీకు తెల్వకనే అంటరు."

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసు నాది, ఈ గౌసియాకు పసితనం ఇంకా వదల్లేదు. ఆ కోపంతోనే చేతి అద్దం తెచ్చుకుని కూర్చున్నాను. గౌసియా కాలి చెప్పు బొమ్మ చూపింది. అద్దంలో నా పెదవులు "చెప్పు" అన్నాయి. పక్షి బొమ్మ చూపింది. అద్దంలో "పక్షి". పెదవులు బిగబట్టి కూర్చున్నాను, మూడో బొమ్మకు బుగ్గ కదిలింది. పంతులమ్మలందరికీ ఉండే రోగమే ఇది. చంటిపిల్లకు ముద్ద పెట్టేటప్పుడు తల్లి నోరు తెరుచుకుంటుంది కదా, అలాంటిదే.

"రేపు పరీక్ష చేద్దాం మేడం" అంది గౌసియా.

దిగిన 47వ రోజు

గౌసియా రాత్రికి రాత్రే పది అట్టలు తయారుచేసి తెచ్చింది. ప్రతి అట్టకూ రెండు వైపులా రెండు వేరు వేరు బొమ్మలు. సారక్కకు ఒక వైపు కనబడుతుంది, నాకు రెండో వైపు. పిల్లకు ఏం కనబడుతోందో నాకు తెలియదు. నేను ఎప్పటిలాగే దాని ఎదురుగా కూర్చున్నాను. గౌసియా అట్టలు పట్టుకుంది.

మొదటి అట్ట. నాకు మామిడిపండు. "ఏంటిది సారక్కా?" అన్నాను. "మామిడిపండు" అంది బిళ్ల. గౌసియా అట్ట తిప్పి చూపించింది. పిల్లకు చూపింది చీపురు.

రెండో అట్ట. నాకు గొడుగు. బిళ్ల "గొడుగు" అంది. పిల్లకు చూపింది మేక.

పది అట్టలూ అయ్యాయి. తొమ్మిది నావి. ఒకదానికి నేను దగ్గాను, బిళ్ల ఊరుకుంది. సారక్కకు చూపినది ఒక్కటి కూడా పలకలేదు. ఆ సేపంతా సారక్క అట్టల వైపు చూడనే లేదు. పక్క గోడ మీద తడి మరకను వేలితో రాస్తూ ఉంది.

"బిళ్ల తప్పు లేదు మేడం" అంది గౌసియా. "దానికి ఏది జల్దిన దొరికితే అదే నేర్చుకుంటది. పిల్ల గొంతు కన్న మీ పెదువులే దాని కంటికి అల్కగ దొరికినయ్."

రెండేళ్లుగా నేను గొప్పగా చూపించుకుంటున్న పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు. దాని ఎదుట కూర్చుని నాతో నేనే మాట్లాడుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడిని చూసి నవ్వుతాం గానీ, వాడు కనీసం కుందేలునైనా పట్టుకున్నాడు.

కొండబడికి ఒప్పుకున్నదీ సారక్క కాదు. "పోతాను, అక్కడ చల్లగా ఉంటుంది" అన్నది నేను. నిజం చెప్పాలంటే అది నాకు ఏళ్ల తరబడి ఉన్న ఆశ. ఈ మసి గోడలు, ఈ తట్టలు, ఈ పెద్ద ఫ్యాను రొద వదిలి ఏదైనా చల్లటి చోట చెట్టు కింద కూర్చోవాలని. ఆ ఆశకు తొమ్మిదేళ్ల పిల్లను బండి ఎక్కిస్తున్నారు. అక్కడి టీచరుకు పెదవులు కదిపే అలవాటు లేకపోతే బిళ్ల మూగపోతుంది. ఉంటే ఆ టీచరు మాటలు పలుకుతుంది. మూడేళ్లు ఆ పిల్లకు కడుపునొప్పి వచ్చినా చెప్పే దారి ఉండదు. ఇంట్లో అయితే ముఖం చూసి కనుక్కునే తల్లి అయినా ఉంది.

ఇంకా పదమూడు రోజులుంది.

దిగిన 49వ రోజు

మా పర్యవేక్షకుడు వెంకటనర్సు సారు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. నా మాట పూర్తిగా విన్నాడు, టీ తెప్పించాడు, తలుపు దగ్గరికి వేశాడు.

"ఆండాలమ్మా, నువ్వు నాకు ఏం చెప్పలే, నేను ఏం వినలే. సరేనా?"

"పిల్లను పంపిస్తాన్రు సార్."

"మంచి జాగకే పంపిస్తానం గద. చల్లటి గాలి, మంచి తిండి. మాట ఎవలదైతేంది? నువ్వు గా టిక్కుల ముచ్చట బయట పెట్టినవనుకో, నిన్ను సస్పెండు చెయ్యకుంట నేను ఆపలేను. నీ జాగల ఎవలస్తరు? మూడేండ్ల సంది ఇంకో టీచరు కావాల్నని నువ్వే రాస్తానవు గద, ఇచ్చిన్రా? గౌసియమ్మ నాలుగో నంబరుకు పోవాలె. ఏడుగురు పిల్లలను ఎవలు జూస్తరో చెప్పు."

టీ సగంలో వదిలేసి లేచాను. ఆయన అన్నది అబద్ధం కాదు. వచ్చేటప్పుడు దారి తప్పి పాత పంపుల గది దాకా వెళ్లాను. ముప్పై ఏళ్లుగా నడుస్తున్న దారి.

దిగిన 52వ రోజు

మూడు రోజులుగా ముఖానికి దుమ్ము ముసుగు కట్టుకుని పాఠం చెబుతున్నాను. దగ్గు అని చెప్పాను. సారక్క బిళ్ల పలకడం లేదు. పిల్లకు తేడా ఏమీ లేదు. హాయిగా మరకలు రాసుకుంటోంది, నా ముసుగు తాడు లాగి నవ్వుతోంది. మాట పోయిందని దిగులు పడుతున్నది గదిలో నేనొక్కతెనే.

బడి వదిలే రెండో సైరనుకు తండ్రి సదయ్య వచ్చాడు. తెల్లారకముందే పైకి వెళ్లి కరెంటు ఇచ్చే ఎండ పలకల మీద దుమ్ము తుడిచే పని అతనిది. చేతుల మీద ఎప్పుడూ బొబ్బలు. రోజూ ఇంత దూరం నడిచి తనే వచ్చి తీసుకెళ్తాడు. నాకు జ్వరం వచ్చిన రెండు రోజులూ, మొన్నా నిన్నా మాత్రం పని తెమలక తిరుమలను పంపాడు. గుమ్మం దగ్గర గొంతుకూర్చుని కూతురి ముఖంలోకి చూస్తాడు. రోజూ బిళ్ల ఒకటే మాట అంటుంది: "బాపూ, అలిసిపోయావా?" అతను రోజూ ఒకటే జవాబు చెబుతాడు: "లేదు బిడ్డా, నిన్ను జూసినంక యాడిది."

ఈరోజు కూర్చున్నాడు. చూశాడు. బిళ్ల పలకలేదు.

"ఏం బిడ్డా, కోపమచ్చిందా బాపు మీద?" అన్నాడు. ఇంకా ఎదురుచూశాడు. "ఎనిమిది దినాల్ల పోతానవని బాధనా?" సైరను ఆగిపోయింది. మిగతా తల్లిదండ్రులు వెళ్లిపోయారు. అతను లేవలేదు. మోకాళ్ల మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే ఉన్నాడు.

అతని వెనకే, పిల్లకు ఎదురుగా నిలబడ్డ నేను ముసుగు దించాను.

"బాపూ, అలిసిపోయావా?" అంది బిళ్ల.

"లేదు బిడ్డా" అంటూ అతను దాన్ని ఎత్తుకున్నాడు. తెలియక చేసినదానికి తప్పు అని పేరుండొచ్చు. ఇవాళ తెలిసి చేశాను. దీన్ని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

దిగిన 55వ రోజు

మధ్యాహ్నం పిల్లల్ని గౌసియాకు అప్పజెప్పి సదయ్య ఇంటికి వెళ్లాను. మూడో వరసలో రెండు గదుల ఇల్లు. తిరుమల మంచం మీద కూర్చుని సారక్క బట్టలకు దారంతో పేరు కుడుతోంది. కొండబడి వాళ్లు అలా కుట్టి పంపమన్నారట. సదయ్య అప్పుడే నిద్ర లేచి టీ తాగుతున్నాడు.

"కూసోండ్రి టీచరమ్మా" అంది తిరుమల. సూది ఆపకుండానే అంది: "నాకు ఒక్కటే అర్థమైతలేదు. నేను ఏం తక్కువ జేసిన? నన్ను ఇడిచి పోతా అన్నది గద. అడిగిన ఎంటనే అన్నది. జెర్రంత ఆలోచన సుత చెయ్యలే." కళ్లు తుడుచుకుంది. "పోనియ్. దాని మాట అది చెప్పింది. గంతే చాలు."

ఇంక నా వల్ల కాలేదు. నిలబడే చెప్పాను. తెర, టిక్కులు, నా పెదవులు, పది అట్టలు, అన్నీ. సదయ్యకు మొదట అర్థం కాలేదు. బిళ్ల చెడిపోయిందనుకున్నాడు.

"బాగు చెయ్యరాదా మరి?"

"చెడిపోలేదు సదయ్యా. అది పలికినయన్ని నా మాటలే. సారక్క మాటలు కావు."

"అన్నీనా?"

"అన్ని."

అతను గ్లాసు కింద పెట్టాడు. "రోజు నన్ను బాపూ అని పిలిచేది..."

"నేనే."

"అలిసిపోయావా అన్నది."

"నేనే. నిన్ను జూస్తె నాకు అట్ల అనిపించేది. లోపల్నే అనుకున్న. అది పలికింది."

తిట్టినా బాగుండేది. అతను లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అటు తిరిగే అన్నాడు: "రెండేండ్లు టీచరమ్మా. ఎండల నా తోలు ఊడుతుంటె గా ఒక్క మాట కోసం దిగొచ్చేటోన్ని." తర్వాత బయటికి వెళ్లిపోయాడు.

తిరుమల చేతిలోని బట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నేను చెప్తనే ఉన్న" అంది. "ఇంట్ల మాట్లాడది, ఇంట్ల మాట్లాడది అని. మీరేమో నాకు పది లెక్కవెట్టుడు నేర్పిన్రు." ఆమె గొంతులో కోపం లేదు. నన్ను క్షమించు అన్నాను. ఆమె సూదిలోంచి దారం లాగేసి ఒక్క ప్రశ్న అడిగింది: "అంటె నా బిడ్డ నన్ను ఇడిచి పోతా అననట్టేనా?"

"అనలే తిరుమలా."

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ నా ఏడుపుకు అక్కడ చోటు లేదనిపించి బయటికి వచ్చేశాను.

దిగిన 57వ రోజు

ఆఫీసుకు రాతపూర్వకంగా ఇచ్చాను. రెండు వందల పన్నెండు టిక్కుల తేదీలూ జతచేశాను. అరవై ఒకటో రోజు నుంచి సస్పెన్షను. వెంకటనర్సు సారు ఉత్తర్వు చేతికిచ్చి "నీకు జెప్పిన" అన్నాడు. అయితే నాలుగో నంబరుతో మాట్లాడి గౌసియాను ఈ ఎండాకాలమంతా ఇక్కడే ఉంచేలా చేసింది కూడా ఆయనే. ఆ సంగతి ఆయన నాకు చెప్పలేదు, గౌసియా చెప్పింది.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. సీటు రద్దవుతుందనుకున్నాను. కొండబడి వాళ్లు, పిల్ల ఒప్పుదల చెల్లదు గనుక తల్లిదండ్రుల ఇష్టానికే వదిలేస్తున్నామని కబురు పెట్టారు. సదయ్య పంపుతానంటున్నాడు.

"ఆడనన్న అసలు టీచర్లుంటరు" అన్నాడట. తిరుమల వద్దంటోంది. ఇద్దరికీ మాటల్లేవు. నా మాట చెల్లే చోటు కాదది. నేనేం చెప్పినా మళ్లీ నా పెదవులే అవుతాయి. ఊరికే కూర్చోలేక ఏడుగురి బట్టల పెట్టెలూ దులిపాను.

దిగిన 60వ రోజు

చల్లబండి పొద్దున్నే వచ్చింది. సామాను లిఫ్టులో దాన్ని కిందికి దించి, పెద్ద గదిలోకి వెనక తలుపు తెరిచి పెట్టారు, లోపలి నుంచి తెల్లటి చలి పొగలా వస్తోంది. సారక్కకు కొత్త బట్టలు, ఎండలో వేసుకునే మందపాటి కాలిజోళ్లు తొడిగారు. చివరికి సదయ్య మాటే నెగ్గింది, తిరుమల సంచి పట్టుకుని దూరంగా నిలబడింది. నన్ను ఎవరూ పిలవలేదు. గౌసియా పక్కన వచ్చి నిలబడ్డాను.

బండి ఎక్కించే ముందు గౌసియా సదయ్య దగ్గరికి వెళ్లింది. "అన్నా, ఒక్కసారి బిళ్ల తీసి అడుగు. ఇంతవరకు పిల్లను ఎవలు అడగలే."

"అడిగితె అది చెప్తదా అమ్మా?"

"తెల్వదన్నా. అడుగు."

సదయ్య తన చేత్తోనే బిళ్ల తీశాడు. అది అతికిన చోట చర్మం తెల్లగా ఉంది. గొంతుకూర్చున్నాడు. "పోతవా బిడ్డా?" అన్నాడు. చెయ్యెత్తి తెరిచి ఉన్న బండి తలుపు చూపించాడు. వెనక నిలబడ్డ తల్లిని చూపించాడు.

సారక్క బండి వైపు చూసింది. చలి పొగలో చెయ్యి పెట్టి తీసింది. తల్లి వైపు చూసిందో లేదో నేను ఖాయంగా చెప్పలేను. చాలాసేపు ఊరికే నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు. సదయ్య కదల్లేదు. పది కాదు, వంద లెక్కపెట్టి ఉంటాడు.

సారక్క నేలమీద కూర్చుంది. కుడి కాలి జోడు పట్టీ లాగింది. రాలేదు. మళ్లీ లాగింది, వచ్చింది. తర్వాత ఎడమ కాలిది. రెండు జోళ్లూ పక్కన పెట్టి, చల్లటి రాతి నేలమీద రెండు పాదాలూ ఆనించి కూర్చుంది.

సదయ్య నా వైపు తిరిగాడు. ఐదు రోజుల తర్వాత నాతో మాట్లాడడం అదే మొదలు. "ఏమంటాంది టీచరమ్మా?"

ముప్పై ఏళ్ల అలవాటు. జవాబు నా నోటిదాకా వచ్చేసింది. పెదవులు కదలబోతుంటే చేత్తో నోరు మూసుకున్నాను. జోళ్లు కరిచాయేమో. నేల చల్లగా ఉందని కూర్చుందేమో. పోనని అన్నదేమో. రెండేళ్లలో ఆ పిల్ల ఏమంటోందో నాకు తెలియదని ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.

"నాకు తెల్వది సదయ్యా" అన్నాను, చేతి వెనక నుంచే.

"ఎక్కుతరా లేదా? ఎండ ముదురుతాంది" అని డ్రైవరు అరిచాడు.

సదయ్య కాసేపు ఆ జోళ్లనే చూశాడు. తర్వాత కూతురి పక్కన నేలమీద కూర్చుని తన జోళ్లు కూడా విప్పాడు. "నువ్వు పో తమ్మీ" అన్నాడు డ్రైవరుతో. "అది ఏమన్నదో ఇంకా సమజ్ గాలే మాకు."

బండి తలుపు మూసుకుంది. తిరుమల సంచి కింద పెట్టి వచ్చి వాళ్ల పక్కన కూర్చుంది. నేను నోటి మీది చెయ్యి తీయకుండా అక్కడే నిలబడ్డాను.